తెరమీద పెరిగిన పిల్ల

పిల్లలూ, మీలో చాలామంది బడి వార్షికోత్సవాలలో నాటకాలు వేసివుంటారు. మీసాలు అంటించుకుని రాజు వేషం కట్టినవారూ వుంటారు, శాలువా కప్పుకుని ముసలమ్మ వేషం కట్టినవారూ వుంటారు. తెర పడగానే ముఖాన రంగు కడిగేసుకుని, మర్నాడు మామూలుగా బడికి వెళ్లివుంటారు.

కాని, ఒక వేషంలోనుంచి ఇంకొక వేషంలోకి, ఒక భాషలోనుంచి ఇంకొక భాషలోకి నడుస్తూ, సినిమా తెరమీదనే పెరిగి పెద్దదయిన పిల్ల ఒకతె వుండేది. ఆమె పేరు శ్రీదేవి. మీ అమ్మనడిగినా, అమ్మమ్మనడిగినా ఆమె సినిమాల పేర్లు గడగడా చెబుతారు.

శ్రీదేవి 1963 ఆగస్టు 13న తమిళనాడులో శివకాశి దగ్గర వున్న మీనంపట్టి అనే వూళ్లో పుట్టింది. దీపావళికి మీరు కాల్చే టపాకాయలలో చాలా భాగం ఆ శివకాశి నుంచే వస్తాయి. ఆమె తండ్రి తమిళుడు, న్యాయవాది. తల్లిది మన తిరుపతి. కనక తల్లివైపునుంచి ఆమె తెలుగింటి పిల్లే.

1969లో శాండో చిన్నప్ప దేవర్ అనే నిర్మాత "తునైవన్" అనే తమిళ చిత్రం తీశాడు. అందులో బాల కుమారస్వామి వేషం శ్రీదేవికి వచ్చింది. అప్పటికి ఆమెకు ఆరేళ్లయినా నిండలేదు. అదే సంవత్సరం వచ్చిన "కుమారసంభవం" అనే మలయాళ చిత్రంలోనూ ఆమెది కుమారస్వామి వేషమే. ఆడపిల్లకు మగ దేవుడి వేషమేమిటని ఆశ్చర్యపోకండి. పసి ముఖాలలో ఆడా, మగా తేడా అంతగా తెలియదు. అందుచేత బాల దేవతల వేషాలకు ఆడపిల్లలను పెట్టుకోవటం మన సినిమాలలో మామూలే. ఆ తరవాత 1975లో వచ్చిన "యశోద కృష్ణ" అనే తెలుగు చిత్రంలో చిన్ని కృష్ణుడు కూడా శ్రీదేవే!

తెలుగులో ఆమె మొదటి చిత్రం 1970లో వచ్చిన "మా నాన్న నిర్దోషి". మరుసటి సంవత్సరం మలయాళంలో "పూంపాట్ట" వచ్చింది. ఆ మాటకు సీతాకోకచిలుక అని అర్థం. దానికిగాను కేరళ ప్రభుత్వం ఆమెకు ఉత్తమ బాలనటి బహుమతి ఇచ్చింది. 1972లో "బాలభారతం"లో ఆమె కౌరవుల చెల్లెలు దుస్సలగా కనిపించింది. అదే సంవత్సరం "బడిపంతులు"లో ఎన్.టి. రామారావుగారికి మనమరాలుగా నటించి, బూచాడి పాటతో తెలుగువారి ఇళ్లన్నిటికీ ముద్దుబిడ్డ అయింది.

ఇంత చిన్నపిల్ల ఇన్ని భాషల చిత్రాలలో ఎలా నటించిందని మీకు సందేహం రావచ్చు. ఆ రోజులలో తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ చిత్రాలు చాలావరకు మద్రాసులోనే తయారయేవి. మద్రాసు అంటే ఇప్పటి చెన్నై. అక్కడి కోడంబాకం, వడపళని ప్రాంతాలలో స్టూడియోలు దగ్గర దగ్గరగా వుండేవి. ఒకే స్టూడియోలో ఒకచోట తెలుగు చిత్రం, ఇంకొకచోట తమిళ చిత్రం తీస్తూ వుండేవారు. అందువల్ల బాగా నటించే పిల్ల కనబడితే నాలుగు భాషలవాళ్లూ పిలిచేవారు.

నటన అంటే మాటలు అప్పజెప్పటమే అనుకునేరు! సినిమాను కథ నడిచిన వరసలో తీయరు. ఉదయం చివరి దృశ్యం తీసి, మధ్యాహ్నం మొదటి దృశ్యం తీయవచ్చు. ఇప్పుడే తల్లిని పోగొట్టుకుని ఏడ్చిన పిల్ల, గంట గడిచాక, తల్లి ఒడిలో కూచుని నవ్వవలసి వుంటుంది. దీపాల కాంతి కళ్లలో పడుతున్నా రెప్ప వాల్చకూడదు. నేలమీద గీసిన గుర్తు దాటితే కెమెరాకు బొమ్మ సరిగా అందదు. ఎవరిదగ్గర చిన్న పొరపాటు జరిగినా ఆ ముక్క అంతా మళ్లీ తీస్తారు. పెద్దవాళ్లకే విసుగు పుట్టే పని ఇది. శ్రీదేవి దీన్ని ఏ బడిలోనూ నేర్చుకోలేదు. పెద్ద నటులు చేస్తూ వుంటే చూసి నేర్చుకున్నది.

చాలామంది బాలనటుల కథ ఇంతటితో ముగిసిపోతుంది. ముఖంలో పసితనం పోతుంది, గొంతు మారుతుంది, వేషాలు తగ్గిపోతాయి. శ్రీదేవి విషయంలో అలా జరగలేదు. 1976లో దర్శకుడు కె. బాలచందర్ "మూన్రు ముడిచ్చు" అనే తమిళ చిత్రంలో ఆమెను కథానాయికను చేశాడు. అప్పటికి ఆమె వయసు పదమూడే! ఆ కథలో ఆమె రజనీకాంత్‌కు సవతితల్లి అవుతుంది. నిజానికి రజనీకాంత్ ఆమెకన్న పన్నెండేళ్లకు పైగా పెద్దవాడు. 1978లో తెలుగులో "పదహారేళ్ల వయసు" వచ్చేసరికి ఆమె అందరూ ఎరిగిన కథానాయిక అయిపోయింది.

ఇంకొక వింత వినండి. "బడిపంతులు"లో రామారావుగారి మనమరాలుగా నటించిన ఆ పిల్లే, ఏడేళ్లు తిరిగేసరికి, 1979లో "వేటగాడు" చిత్రంలో ఆయన పక్కన కథానాయికగా నటించింది. అప్పటికి ఆమెకు పదహారేళ్లు నిండలేదు, ఆయనకు యాభైఆరేళ్లు. సినిమా బాగా ఆడింది. కాని, మీ క్లాసులో పదో తరగతి అక్కయ్యల వయసు పిల్ల అది అని తలుచుకుంటే, ఆమె ఎంత తొందరగా పెద్దది కావలసివచ్చిందో తెలుస్తుంది.

1982లో బాలు మహేంద్ర తీసిన "మూన్రాం పిరై" అనే తమిళ చిత్రంలో దీనికి సరిగ్గా తలకిందులైన వేషం ఆమెకు దొరికింది. ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, గడిచినదంతా మరిచిపోయి, పసిపిల్ల మనసుతో మిగిలిపోయిన యువతి కథ అది. తెలుగులో "వసంత కోకిల" అన్న పేరుతో వచ్చింది. చిన్నతనంలో పెద్దవాళ్ల వేషాలు వేసిన పిల్ల, పెద్దయాక చిన్నపిల్ల వేషం వేసి అందరినీ కంటతడి పెట్టించింది. దానికి తమిళనాడు ప్రభుత్వం ఉత్తమ నటి బహుమతి ఇచ్చింది. అందులో ఆమెతోపాటు నటించిన కమల్‌హాసన్ కూడా 1960లో బాలనటుడుగానే సినిమాలలోకి వచ్చినవాడు.

1983లో "హిమ్మత్‌వాలా"తో ఆమె హిందీలోనూ పేరు తెచ్చుకున్నది. కాని హిందీ మాటలు ఆమెకు బాగా రావు. అందుకని తెరమీద ఆమె పెదవులు కదిలితే, మాటలు మరొకరు పలికేవారు. అలా చాలా చిత్రాలలో గొంతు అరువిచ్చినది నాజ్ అనే నటి. ఈ నాజ్ కూడా ఒకప్పుడు బాలనటే! 1954లో వచ్చిన "బూట్ పాలిష్"లో ఆమె చూపిన నటనకు ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవంలో ప్రత్యేకమైన మెప్పు దొరికింది. కాని పెద్దయాక ఆమెకు చిన్న వేషాలే మిగిలాయి. ఒక బాలతార తెరమీద వెలిగితే, ఇంకొక బాలతార తెరవెనక ఆమెకు గొంతు అయింది. శ్రీదేవి పట్టు విడవకుండా హిందీ నేర్చుకుని, 1989లో వచ్చిన "చాందినీ"లో తన మాటలు తానే చెప్పుకున్నది.

తెలుగులో "జగదేకవీరుడు అతిలోకసుందరి" 1990లో వచ్చింది. 1991లో వచ్చిన "క్షణక్షణం"కు ఆమెకు ఉత్తమ నటిగా నంది బహుమతి లభించింది. 2013లో భారత ప్రభుత్వం పద్మశ్రీ బిరుదు ఇచ్చింది. 2018 ఫిబ్రవరి 24న, 54వ యేట, ఆమె దుబాయిలో చనిపోయింది. అంతకుముందు సంవత్సరం వచ్చిన "మామ్" చిత్రానికి జాతీయ ఉత్తమ నటి బహుమతిని ఆమె మరణానంతరం ప్రకటించారు.

ఇంత పేరు వచ్చినా ఆమెకు దక్కనిది ఒకటి వున్నది. అందరు పిల్లల్లాగా బడికీ, కాలేజీకీ వెళ్లటం తనకు పడలేదని ఆమె పెద్దయాక చెప్పుకున్నది. సినిమాలలోకి వచ్చినందుకు ఆమె విచారించలేదు, కాని ఆ లోటు లోటే. 2012లో ఆమె "ఇంగ్లీష్ వింగ్లీష్" అనే హిందీ చిత్రంలో నటించింది. ఇంగ్లీషు రాదని ఇంట్లోవాళ్లచేతనే చిన్నబుచ్చబడిన ఒక ఇల్లాలు, పరాయి దేశంలో ధైర్యం చేసి ఇంగ్లీషు క్లాసులో చేరుతుంది. ఆ ఇల్లాలు శ్రీదేవి. చిన్నప్పుడు బడిబల్లమీద కూచునే తీరిక లేకపోయిన పిల్ల, 49వ యేట, సినిమాలోనయినా పుస్తకం పట్టుకుని క్లాసులో కూచున్నది.

శ్రీదేవి చిన్నతనంలో బాలనటులు రోజుకు ఎన్ని గంటలు పనిచెయ్యాలో చెప్పేవారు లేరు. ఇప్పుడు నియమాలు వున్నాయి. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, 2017లో దానికి నియమాలు చేర్చారు. వాటి ప్రకారం సినిమాలలో నటించే పిల్లలచేత రోజుకు 5 గంటలకు మించి పని చేయించరాదు. 3 గంటలకు మించి విశ్రాంతి లేకుండా వుంచరాదు. వరసగా 27 రోజులకు మించి పని చెప్పరాదు. చదువు చెడకూడదు. పిల్లకు ఇష్టం లేకుండా చేయించకూడదు. వచ్చిన డబ్బులో కనీసం నూటికి 20 వంతులు ఆ పిల్ల పేరనే బ్యాంకులో వెయ్యాలి.

కనక, పిల్లలూ, ఈసారి సినిమాలో మీ యీడు పిల్ల ఎవరయినా కనిపిస్తే, బాగా నటించిందని మెచ్చుకోండి. ఆ నవ్వు వెనక ఎంత పని వున్నదో ఇప్పుడు మీకు తెలుసు. ఆ పిల్ల రేపు బడికి వెళుతుందా అని కూడా ఒక్కసారి మీ పెద్దవాళ్లను అడగండి. ఆ ప్రశ్న వేసేవాళ్లు వుంటేనే నియమాలు పుస్తకంలో వుండిపోకుండా పనిచేస్తాయి.