పాట పాతదే... దారే కొత్తది

గ్రామఫోన్‌ పెట్టె మూలపడి చాలా ఏళ్లయింది. దాని తర్వాత వచ్చిన టేపురికార్డరూ అటకెక్కింది. సీడీ కొందామన్నా దుకాణం దొరకడం కష్టంగా ఉంది. అయినా త్యాగరాజ కీర్తన ఆగిపోలేదు. ఇప్పుడు ఫోన్లోంచి వినబడుతోంది. నూరేళ్లు దాటిన రికార్డు కంపెనీలు తమ గోదాముల్లో ఉన్న పాత సంగీతాన్ని ఫైళ్లుగా మార్చి నెట్‌లో పెట్టడమే ఇందుకు కారణం. ఈ మార్పు కథలో మద్రాసు, బెంగళూరు, మైసూరు, కలకత్తాలతో పాటు జర్మనీలోని హానోవర్‌ నగరం కూడా ఉండటం విశేషం.

లక్క ఇక్కడిది.. ముద్ర అక్కడిది

గ్రామఫోన్‌ను కనిపెట్టిన ఎమిల్‌ బెర్లినర్‌ సొంతూరు హానోవర్‌. 1898లో ఆయన అక్కడే 'డాయిష్‌ గ్రామఫోన్‌' కంపెనీని ప్రారంభించారు. లండన్‌ గ్రామఫోన్‌ కంపెనీ తరఫున ఫ్రెడ్‌ గైస్‌బర్గ్‌ 1902లో కలకత్తా వచ్చి మన దేశంలో తొలి రికార్డింగులు చేశారు. పాట ఇక్కడ మైనం మీద చెక్కితే, రికార్డు హానోవర్‌లో అచ్చయ్యేది. అక్కడి నుంచి ఓడల్లో మళ్లీ ఇక్కడికి వచ్చేది. రికార్డు తయారీకి వాడే లక్క ఎక్కువగా మన దేశంలో పుట్టిందే! కలకత్తాలోని సియాల్దాలో 1908లో ఫ్యాక్టరీ పెట్టాకే ఈ సముద్ర ప్రయాణం తప్పింది.

అప్పట్లో పాట ముగిశాక గాయని తన పేరు తనే చెప్పేది. 'మై నేమ్‌ ఈజ్‌ గౌహర్‌ జాన్‌' అన్న మాట అలా వచ్చిందే. పాడిందెవరో తెలియకపోతే హానోవర్‌లో లేబుల్‌ మీద ఏం అచ్చువేయాలో అక్కడివారికి తోచదు కదా. ఆ గౌహర్‌ జాన్‌ చివరి రోజుల్లో మైసూరు సంస్థానంలో కొలువు చేసి, 1930లో అక్కడే కన్నుమూశారు.

2007లో తెరుచుకున్న తలుపు

మొదటి ప్రపంచ యుద్ధంతో లండన్‌, హానోవర్‌ కంపెనీల దారులు వేరయ్యాయి. జర్మనీ కంపెనీ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి పెద్ద పేరుగా నిలిచింది. 2007 నవంబరులో అది సొంత వెబ్‌ దుకాణం తెరిచి, సుమారు 2,400 ఆల్బమ్‌లను డౌన్‌లోడ్‌కు పెట్టింది. అందులో 600కు పైగా అప్పటికే సీడీలుగా దొరకనివి. భారత్‌తో సహా 42 దేశాల్లో కొనుక్కునే వీలు కల్పించింది. ఫైళ్లకు తాళం లేదు. కొన్నవారు ఏ యంత్రంలోనైనా వినవచ్చు. ఆ రోజుల్లో మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్‌ అంటే సెకనుకు 256 కిలోబిట్లు. 320 కిలోబిట్ల నాణ్యతతో ఉన్న గంటసేపు కచేరీ దిగడానికి గంటంపావు పట్టేది. ఇప్పుడు నిమిషం కూడా అక్కర్లేదు.

కలకత్తాలో మిగిలిన శాఖ హెచ్‌ఎంవీ కుక్క బొమ్మతో ఇంటింటికీ పరిచయమైంది. 2000లో సరిగమగా పేరు మార్చుకుంది. ఎం.ఎస్‌.సుబ్బులక్ష్మి 1963లో ఇచ్చిన వేంకటేశ్వర సుప్రభాతం రికార్డు ఈ కంపెనీదే. దాని పాత సంగీతం కూడా క్రమంగా నెట్‌లోకి చేరింది.

మన గొంతులు.. వేరే ఊళ్ల పేర్లు

ఈ పాత రికార్డుల్లో తెలుగు పాట ఎక్కువగా పలికింది సరిహద్దుకు ఇవతలే అంటే అతిశయోక్తి కాదు. నంజనగూడు ప్రాంతంలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ గ్రామఫోన్‌కు పాడారు. తిరువయ్యారులో త్యాగరాజ సమాధికి ఆలయం కట్టించిందీ, ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను 1910లో అచ్చువేయించిందీ ఆమే. మద్రాసులో వీణ ధనమ్మాళ్‌ ఇంటివారు క్షేత్రయ్య పదాలనూ, జావళీలనూ తరాల పాటు నిలబెట్టారు. ఆమె వీణను కొలంబియా కంపెనీ 1932లో రికార్డు చేసింది. బెంగళూరులో 1893లో పుట్టిన ద్వారం వెంకటస్వామినాయుడు విజయనగరం వెళ్లి ఫిడేలుకే వన్నె తెచ్చారు.

పాడినవారి మాతృభాష ఏదైనా పాట మాత్రం తెలుగు. చిక్కు కూడా ఇక్కడే ఉంది. నెట్‌లో పెట్టిన జాబితాలన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉంటాయి. 'త్యాగరాజ' అని ఒకచోట టి తో, మరోచోట టీహెచ్‌తో రాస్తారు. గాయని ఊరు చూసి తెలుగు కీర్తనను తమిళం కింద చేర్చడమూ కద్దు. కొన్నింటికి రాగం పేరుండదు, కొన్నింటికి రచయిత పేరే ఉండదు. తెలుగు అని వెతికితే ఇవి తగలవు. పాట ఉండి కూడా లేనట్టే లెక్క. అందుకే వెతికేవారు రెండు రకాల స్పెల్లింగులూ వేసి చూడాలి. భాష పేరుతో కాకుండా రాగం పేరుతో, గాయకుల పేరుతో వెతికితే దొరికే అవకాశం ఎక్కువ.

వినడం వేరు.. దాచుకోవడం వేరు

డౌన్‌లోడ్‌ చేసుకున్న ఫైలు మన దగ్గరే ఉంటుంది. యాప్‌లో వినే పాట అలా కాదు. 2019 ఏప్రిల్‌లో సరిగమతో వివాదం వల్ల స్పాటిఫై మన దేశంలో ఆ కంపెనీ పాటల్ని తొలగించాల్సి వచ్చింది. 2020 మేలో ఒప్పందం కుదిరాకే అవి తిరిగొచ్చాయి. కంపెనీల మధ్య మాట చెడితే రాత్రికి రాత్రే పాట మాయం కావచ్చన్నమాట. నచ్చిన కీర్తన డౌన్‌లోడ్‌గా దొరికితే కొని దాచుకోవడమే మేలు.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. మన దేశంలో రికార్డింగుకు కాపీరైటు, విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు. ఆ లెక్కన 78 ఆర్‌పీఎం కాలపు రికార్డింగుల్లో చాలావాటి మీద ఈ హక్కు తీరిపోయింది. వాటిని సేకరించి అందరికీ వినిపించే పని బెంగళూరులో విక్రమ్‌ సంపత్‌ స్థాపించిన ఆర్కైవ్‌ ఆఫ్‌ ఇండియన్‌ మ్యూజిక్‌ లాంటి సంస్థలు చేస్తున్నాయి.

అటక మీదున్నవి పారేయొద్దు

కంపెనీల జాబితాకు ఎక్కని రికార్డులు పాత ఇళ్లలో ఇంకా ఉండొచ్చు. పక్కకు మూడు నిమిషాలే పాడే ఆ పలక కిందపడితే పగులుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టి ఉంచాలి. స్పిరిట్‌తో తుడిస్తే లక్క కరిగిపోతుంది. మెత్తని పొడి బట్ట చాలు. పాత ఉక్కు ముల్లుతో పదేపదే వాయిస్తే గాడి అరిగిపోతుంది. 78 రికార్డులకు సరిపడే వెడల్పు ముల్లున్న ప్లేయర్‌ మీద ఒకసారి వాయించి కంప్యూటర్లోకి ఎక్కించడం మంచిది. మొదటి కాపీని ఎంపీ3గా కుదించకుండా వేవ్‌ ఫైలుగానే ఉంచుకోవాలి. లేబుల్‌ను ఫొటో తీసి, రికార్డు నంబరు, గాయకుల పేరు, కీర్తన, రాగం తెలుగులో రాసి జతచేయాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే వారిచేత వినిపించి వివరాలు చెప్పించుకుంటే ఇంకా మంచిది.

నాడు పేరు చెబితేగానీ హానోవర్‌లో లేబుల్‌ పడేది కాదు. నేడు పేరు రాసిపెడితేగానీ మన పిల్లలకు మన పాట దొరకదు.