స్కోర్‌బుక్ పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాద్ శివార్లలో బడంగ్‌పేట్, నాదర్‌గుల్, బాలాపూర్‌ల చుట్టుపక్కల ఇంకా ఇల్లు లేవని ప్లాట్లు నాలుగు కలిసి ఉన్నాయంటే ఆదివారం పొద్దున అక్కడ మ్యాచ్ ఖాయం. బౌలింగ్ వేస్తామని అందరూ ముందుకొస్తారు, స్కోర్ రాస్తామని ఎవరూ రారు. అందరూ ఆడుతుంటే పక్కన కూచుని రాసుకోవడంలో ఏముందని నన్ను చాలామంది అడిగారు. నాకు మాత్రం ఆ పుస్తకం ఆటంత ఇష్టం. చూడ్డానికి గళ్ల కాగితమే గానీ, అది తన తప్పు తానే పట్టుకునే యంత్రం.

ఒక్క ఓవర్ తీసుకుందాం. మొదటి బంతికి పరుగు రాలేదు, చుక్క పెట్టాం. రెండోదానికి సింగిల్. అవతలి బ్యాటర్ వచ్చి ఫోర్ కొట్టాడు, ఆ తరవాతి బంతికి బౌల్డయ్యాడు. కొత్తగా వచ్చినవాడికి ముందు ఒక వైడ్ పడింది, ఆపైన అతను రెండు తీశాడు, చివరి బంతి వదిలేశాడు. బౌలర్ గడిలో చుక్క, 1, 4, డబ్ల్యూ, వైడ్‌కు కూడిక గుర్తు, 2, చుక్క. బౌలర్ ఇచ్చినవి 8. బ్యాటర్ల వరుసల్లో 1, 4, 2 కలిపితే 7, ఎక్స్‌ట్రాల్లో 1. అక్కడా ఎనిమిదే, ఇక్కడా ఎనిమిదే. కిరాణా కొట్టు జమాఖర్చులాగే ఒక్కో పరుగు రెండు చోట్లకు ఎక్కుతుంది. ఏ ఒక్కచోట రాయడం మరిచినా రెండు మొత్తాలూ కలవవు. బై, లెగ్ బై వస్తే మాత్రం జాగ్రత్త, అవి బౌలర్ ఖాతాలోకి రావు. బైకి త్రిభుజం, లెగ్ బైకి తలకిందుల త్రిభుజం. మెయిడిన్ ఓవర్ పడితే ఆరు చుక్కలనూ గీతతో కలిపి ఎమ్ చేస్తాం. ఆ గీత గీయడంలో ఉన్న ఆనందం రాసినవాళ్లకే తెలుస్తుంది.

ఈ యంత్రం మొదట కర్రముక్క. ఇంగ్లండ్‌లో స్కోరర్లు మైదానం పక్కన కూచుని పరుగుకో గాటు చొప్పున కర్ర మీద కోసేవారు, లెక్కపెట్టడం తేలికవ్వాలని మధ్యమధ్య ఒక లోతు గాటు పెట్టేవారు. జట్టు ఎన్ని చేసిందో కర్ర చెప్పగలదు, ఎవరు చేశారో చెప్పలేదు. దానికి కాగితం కావాల్సి వచ్చింది. 1744లో లండన్ ఆర్టిలరీ గ్రౌండ్‌లో కెంట్‌కూ మిగతా ఇంగ్లండ్‌కూ జరిగిన మ్యాచ్‌లో ఒక్కొక్కరి పరుగులు విడివిడిగా రాసిన స్కోర్‌కార్డు ఇప్పటికీ మిగిలి ఉంది. బౌలర్‌కు న్యాయం జరగడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కూడా క్యాచ్ అవుటైతే ఆ వికెట్ ఫీల్డర్ పేరునే ఉండేది. బంతి వేసినవాడి పేరు రాయడానికి గడే లేదు. గడి లేకపోతే ఆ పనికి గుర్తింపూ లేదు.

ఇదే విద్య సముద్రం దాటి బేస్‌బాల్‌కు చేరింది. చేర్చినవాడు హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్లి, న్యూయార్క్ పత్రికలకు క్రికెట్ వార్తలు రాసేవాడు. బేస్‌బాల్ మీద మనసుపడ్డాక, 1859లో ఆ ఆటకు కూడా ఆటగాళ్లవారీ పట్టిక అచ్చు వేయించాడు. అక్కడి అభిమానులు నేటికీ స్టేడియంలో పెన్సిల్ పట్టుకుని సరదాగా స్కోర్ రాసుకుంటారు. వాళ్ల పద్ధతిలో ఫీల్డింగ్ స్థానాలకు అంకెలున్నాయి. 6-4-3 అని రాస్తే షార్ట్‌స్టాప్ అందుకుని రెండో బేస్ వాడికి, అతను మొదటి బేస్ వాడికి విసిరి ఇద్దరిని అవుట్ చేశారని అర్థం. బంతి ఏ చేతి నుంచి ఏ చేతికి వెళ్లిందో మూడంకెల్లో దొరుకుతుంది. మన ఆటలో ఫీల్డర్లు బంతి బంతికీ జరుగుతుంటారు కాబట్టి ఈ సౌకర్యం మనకు లేదు.

మన పుస్తకానికి వేరే లోటు ఉండేది. బ్యాటర్ వరుసలో 4 అని ఉంటుంది, ఎవరి బంతికి కొట్టాడో ఉండదు. ఈ లోటు తీర్చిన పద్ధతిలో ఓవర్‌కు ఒక వరుస. అందులోనే సమయం, ఏ చివర నుంచి ఎవరు వేశారు, ఎవరు ఎదుర్కొన్నారు, జట్టు మొత్తం ఎంత, అన్నీ పక్కపక్కన వస్తాయి. 1905 నుంచి దశాబ్దాలపాటు జట్ల వెంట సామాను చూసుకుంటూ, స్కోర్ రాస్తూ దేశదేశాలు తిరిగిన ఆస్ట్రేలియన్ బిల్ ఫెర్గుసన్ దీన్ని బాగా వాడుకలోకి తెచ్చాడు. బ్యాటర్ ఏ దిక్కుకు కొట్టాడో గీతల్లో చూపే బండిచక్రం బొమ్మ కూడా ఆయన చలవే. 1966 నుంచి బీబీసీ రేడియోకు స్కోర్ రాసిన బిల్ ఫ్రిండాల్ ఆ పద్ధతిని ఇంకా సానబట్టాడు.

ఈ పుస్తకానికి మన ఊళ్లోనే గట్టి పరీక్ష జరిగింది. 1994 జనవరిలో సికింద్రాబాద్ జింఖానా మైదానంలో రంజీ మ్యాచ్, ఆంధ్ర మీద హైదరాబాద్ 6 వికెట్లకు 944 చేసి డిక్లేర్ చేసింది. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. ఈ ముగ్గురివే 784. శ్రీధర్ క్రీజులో ఉన్నంతసేపట్లో జట్టుకు 850 పరుగులు వచ్చాయి. ఆ రోజుల్లో అవన్నీ చేత్తో రాసినవే. ఆ స్కోరర్ల వేళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. పుస్తకం చదవడం వస్తే ఇన్నింగ్స్ స్వభావం కూడా తెలుస్తుంది. 2001లో కోల్‌కతాలో లక్ష్మణ్ చేసిన 281లో ఫోర్లు 44, సిక్సర్ ఒక్కటీ లేదు. అంటే 105 పరుగులు వికెట్ల మధ్య పరుగెత్తి తెచ్చినవి.

ఇప్పుడు బడంగ్‌పేట్ ప్లాట్లలోనూ స్కోర్ ఫోన్ యాప్‌లోకే వెళ్తోంది. ఒక్క బటన్ నొక్కితే బ్యాటర్, బౌలర్, జట్టు ఖాతాలన్నీ ఒకేసారి నిండుతాయి, మొత్తాలు ఎప్పుడూ కలుస్తాయి. నాకు భయమూ అక్కడే. స్ట్రైక్‌లో ఉన్న బ్యాటర్‌ను తప్పుగా ఎంచుకుంటే ఆ తప్పు కూడా అన్ని ఖాతాల్లో చక్కగా కలిసిపోతుంది. చేత్తో రాసేటప్పుడు ఒక్కో ఖాతా విడిగా నింపుతాం కాబట్టి చాలా పొరపాట్లు కూడికలో బయటపడతాయి. క్రికెట్ చట్టాల్లో మూడోది మొత్తం స్కోరర్ల గురించే. ఇద్దరు ఉండాలి, తరచూ సరిచూసుకోవాలి, అంపైర్ ఇచ్చే ప్రతి సంజ్ఞనూ అందుకున్నామని వెంటనే తెలపాలి అంటుంది. మా మ్యాచ్‌లకు నేను కోరేదీ అదే: ఒకరి చేతిలో ఫోన్, ఒకరి చేతిలో పుస్తకం, ఓవర్ అవగానే ఇద్దరూ మొత్తం పైకి చెప్పుకోవడం. తేడా వస్తే తరవాతి బంతి పడకముందే అంపైర్‌ను ఆపి అడగవచ్చు.