వినికిడి చికిత్సకు లెక్క ఎట్లు?

దువ్వాడలో రైలు పట్టాలకు చేరువనున్న ఒక ఇంటిని ఊహించుకొందము. గూడ్సుబండి కూత వేసికొని పోవుచున్నది. ఉయ్యాలలోని ఏడాది పాప ఉలికిపడదు. పిల్ల ఎంత నెమ్మదస్తురాలో అని ఇంటివారు మొదట మురియుదురు. సందేహము కలుగుటకు చాల నాళ్ళు పట్టును.

చెవిలోనికి వచ్చిన ధ్వని కంపములను కర్ణావర్తములోని రోమకణములు విద్యుత్ ప్రేరణలుగా మార్చి శ్రవణనాడికి అందించును. ఈ కణములు బొత్తిగా పనిచేయనపుడు ధ్వనిని పెద్దది చేసినను ప్రయోజనము స్వల్పము. అట్టి పిల్లలకు కర్ణావర్తములో సన్నని ఎలక్ట్రోడుల వరుసను అమర్చి నాడిని నేరుగా ప్రేరేపింతురు. దీనినే కాక్లియర్ ఇంప్లాంట్ అందురు.

శస్త్రచికిత్స కొన్ని గంటల పని. దానితో పాపకు వినబడునది చప్పుడే గాని మాట కాదు. చప్పుడును మాటగా పోల్చుకొనుట మెదడు నేర్చుకొనవలెను. అందుకు పసితనమే మంచి అదను. నెలల తరబడి సాగు ఈ శిక్షణ శ్రవణ-వాక్ చికిత్స. ఇచ్చట ఒక చిక్కు కలదు. శస్త్రచికిత్స జరిగినదనుటకు కుట్టు గుర్తు, ఎక్స్-రే చిత్రము సాక్ష్యము. పాపను ఆడించి మాటలాడించిన గంటకు సాక్ష్యమేమి? సొమ్ము చెల్లించువారు దేనిని చూచి చెల్లింతురు?

ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము ఈ చికిత్సను కూడ చేర్చుకొన్నది. శస్త్రచికిత్స, ఎలక్ట్రోడుల విద్యుత్తును సరిచేయు మ్యాపింగ్, శిక్షణ - వీనిని వేర్వేరు పద్దులుగా విడదీసి, శిక్షణ సొమ్మును నాలుగు వాయిదాలు చేసిరి. ఇది తెలివైన ఏర్పాటు. మొత్తము ఒకేసారి చెల్లించినచో శస్త్రచికిత్స తరువాత పాపను ఎవరును తలచుకొనకపోవచ్చును.

మరి శిక్షణ పత్రములో ఏమి వ్రాయవలెను? "పాప బాగున్నది" అనునది ఆశీర్వచనమగును గాని కొలత కాదు. తేదీ, మొదలిడిన వేళ, ముగించిన వేళ, ఆనాటి లక్ష్యము, ఎన్నిమార్లు పలికిన ఎన్నిమార్లు గుర్తించినది - ఇవి ఉండవలెను. డేనియల్ లింగ్ రూపొందించిన పరీక్ష ఇందుకు మిక్కిలి అనువు. పరికరమక్కరలేదు, ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అను ఆరు ధ్వనులు చాలును. నోటి కదలిక కనబడకుండ పలుకుదురు. మ్, ఊ ధ్వనుల శక్తి తక్కువ పౌనఃపున్యములలోను, స్ ధ్వని శక్తి అధికముగా 4,000 హెర్ట్జ్‌లకు పైనను ఉండును. "పదిమార్లకు మ్ తొమ్మిది, స్ రెండు" అని వ్రాసినచో, పై పౌనఃపున్యపు ఎలక్ట్రోడులను పరిశీలించవలెనని మ్యాపింగ్ చేయువారికి తెలియును. ఆ పంక్తియే బిల్లుకును ఆధారము. వైద్యమునకొక పుస్తకము, లెక్కకొక పుస్తకము అక్కరలేదు.

నిన్నటి పంక్తిని నేడు దింపి వ్రాయుట సులభము. హానియు అందే కలదు. రెండు నెలలు "స్ రెండు" అనియే ఉన్నచో, పరికరము చెడినదో, పాపకు పట్టుబడలేదో, వ్రాసినవారు అసలు పరీక్షింపలేదో తేల్చుటెట్లు? పాప రాని దినమున "రాలేదు" అని, కారణముతో సహా వ్రాయవలెను. కూలి పోవునని తల్లి ఆగిపోయి ఉండవచ్చును. ఆ రాతకు సొమ్ము రాదు. అయినను మూడవ వాయిదా నాటికి ప్రగతి మందగించినపుడు కారణము అచ్చటనే దొరకును.

ఈ ఆరు ధ్వనులను ఇంటివారును ప్రతి ఉదయము పలికి నోటుపుస్తకములో గుర్తు పెట్టవచ్చును. నిన్న వినబడిన స్ నేడు వినబడనిచో ముందు బ్యాటరీని, తీగను చూడవలెను. అప్పటికిని వినబడనిచో, ఇచ్చిన తేదీ వరకు ఆగక, ఆ పుస్తకముతోనే ఆసుపత్రికి పోవలెను.