వంశంలో ఉన్నా వైద్యం ఉంది

చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే ఓసీడీలో జన్యువుల పాత్ర ఎంత? అది పిల్లలకూ వస్తుందా? మందులు, థెరపీ ఎంతవరకు పనిచేస్తాయి?

పడుకోబోయే ముందు గ్యాస్ కట్టేశామో లేదో ఒకసారి చూసుకోవడం జాగ్రత్త. చూసొచ్చి మంచమెక్కాక మళ్లీ అనుమానం రావడం, లేచి వెళ్లి నాబ్ తిప్పి చూడటం, అయినా నమ్మకం కుదరక దాన్ని ఫోన్లో ఫొటో తీసుకోవడం, తీరా ఆ ఫొటో ఇవాళ్టిదో నిన్నటిదో అని ఇంకో అనుమానం... ఇలా రాత్రి రెండింటిదాకా సాగుతోందంటే అది జబ్బు. పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. అందరూ ఓసీడీ అంటారు.

వద్దన్నా మనసులోకి చొరబడే ఆలోచన అబ్సెషన్. అది రేపే ఆందోళనను చల్లార్చుకోవడానికి పదే పదే చేసే పని కంపల్షన్. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్లలో దాదాపు 0.8 శాతం మందికి ఈ సమస్య ఉన్నట్టు తేలింది. అంటే సుమారు నూట పాతిక మందిలో ఒకరు. చాలామందిలో ఇది బడికో కాలేజీకో వెళ్లే వయసులోనే మొదలవుతుంది.

ఇళ్లలో మాత్రం చాదస్తమనో, శుభ్రం పిచ్చి అనో కొట్టిపారేస్తారు. 2017లో ‘మహానుభావుడు’ సినిమా వచ్చాక ఓసీడీ అన్న మాట మనవాళ్ల నోళ్లలో బాగా నానింది. అందులో హీరోది అతిశుభ్రత. కానీ చేతులు కడగడంతో ఏ సంబంధమూ లేని ఓసీడీ కూడా ఉంది. పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికి ‘వీణ్ని కింద పడేస్తానేమో’ అన్న ఆలోచన రావచ్చు. పూజలో కూర్చున్న పెద్దాయన మనసులో దేవుడి మీదే బూతులు మెదలవచ్చు. వీళ్లు ఆ పనులు చేసేవాళ్లు కారు. ఆ ఆలోచన వచ్చినందుకే హడలిపోతారు. సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేక ఏళ్ల తరబడి లోలోపలే నలిగిపోతారు.

మడి, ఆచారం పాటించే వాళ్లందరికీ ఓసీడీ ఉందనుకోవడమూ పొరపాటే. మడికి ఒక వేళ, ఒక హద్దు ఉంటాయి. పూజో తద్దినమో ముగియగానే మనిషి మామూలుగా భోజనానికి కూర్చుంటాడు. ఓసీడీలో ఆ ముగింపే రాదు. రోజుకు గంటకు పైగా సమయాన్ని మింగేస్తున్నా, చదువునో ఉద్యోగాన్నో సంసారాన్నో దెబ్బతీస్తున్నా వైద్యులు దాన్ని జబ్బుగానే చూస్తారు.

‘మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?’

డాక్టరు ఈ ప్రశ్న వేయగానే చాలా కుటుంబాలు బిగుసుకుపోతాయి. ఉందంటే అమ్మాయికి సంబంధాలు రావేమోనన్న బెంగ ఒకవైపు. ‘మా వైపు ఎవరికీ లేదు, మీ వైపు నుంచే వచ్చింది’ అన్న నిష్ఠూరాలు మరోవైపు. ఈ భయానికీ, ఈ నిందకూ పరిశోధనల్లో ఎంత ఆధారం ఉందో చూస్తే గుండె కాస్త కుదుటపడుతుంది.

ఓసీడీ కుటుంబాల్లో నడుస్తుందన్నది నిజం. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో రోగుల తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో 11.7 శాతం మందికి ఓసీడీ కనిపించింది. రోగులు కాని వాళ్ల బంధువుల్లో అది 2.7 శాతమే. నాలుగు రెట్ల తేడా కంగారు పెట్టేదే. కానీ అదే లెక్కను రెండోవైపు నుంచి చూడాలి. రోగి రక్తసంబంధీకుల్లో నూటికి ఎనభై ఎనిమిది మందికి ఆ జబ్బు రాలేదు.

కవలల మీద జరిగిన అధ్యయనాలు ఓసీడీలో వంశపారంపర్యం వాటా దాదాపు 40-50 శాతమని, చిన్నప్పుడే మొదలైతే ఇంకాస్త ఎక్కువని చెబుతున్నాయి. బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగమని దీని అర్థం కాదు. జనంలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోవడానికి ఉన్న కారణాల్లో సుమారు సగం జన్యువులవి, మిగతావి పెరిగిన పరిస్థితులవి, జీవితంలో తగిలిన దెబ్బలవి అని.

ఇంతకీ ఆ జన్యువు ఏది? 2025లో ‘నేచర్ జెనెటిక్స్’ పత్రికలో వచ్చిన భారీ అధ్యయనం దీనికి జవాబు వెతికింది. ఓసీడీ ఉన్న 53,660 మంది జన్యుపటాలను, ఆ జబ్బు లేని 20 లక్షల మందికి పైగా జన్యుపటాలతో పోల్చారు. జన్యుపటంలో 30 చోట్ల తేడాలు బయటపడ్డాయి. జబ్బులో పాత్ర ఉండే అవకాశం బలంగా ఉన్న జన్యువులు పాతిక దాకా తేలాయి. వీటిలో ఏ ఒక్కటీ సొంతంగా జబ్బు తెచ్చిపెట్టేది కాదు. వినాయక చవితి చందాల్లా వేలకొద్దీ చిన్న చిన్న తేడాలు తలా కాస్త వేస్తేనే మొత్తం పెరుగుతుంది. ఆ చిన్న తేడాలు మనందరిలోనూ ఎన్నోకొన్ని ఉంటాయి. అందుకే రక్తపరీక్షతో ఓసీడీని నిర్ధారించడం ఇవాళ సాధ్యం కాదు. తల్లి వైపా, తండ్రి వైపా అన్న తగువుకు అర్థమూ లేదు.

ఈ అధ్యయనంలోని రోగులు యూరప్ సంతతివాళ్లు. మన దేశంలో నిమ్‌హాన్స్, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ సంస్థలు కలిసి, ఒకే ఇంట్లో ఒకరికి మించి మానసిక రుగ్మతలున్న కుటుంబాలను ఏళ్ల తరబడి పరిశీలించే పని పెట్టుకున్నాయి. అవి ఎంచుకున్న అయిదు జబ్బుల్లో ఓసీడీ ఒకటి.

మెదడు మారుతుంది

నుదుటి వెనకుండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్‌కు, మెదడు లోతుల్లోని కాడేట్, థాలమస్‌లకు మధ్య ఓ సర్క్యూట్ ఉంది. ఓసీడీలో అది అతిగా పనిచేస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో లూయీ బాక్స్‌టర్ బృందం 1992లో కొందరికి ఫ్లూయాక్సెటిన్ మందు, కొందరికి మందు లేకుండా బిహేవియర్ థెరపీ ఇచ్చి ముందూ వెనకా పెట్ స్కాన్లు తీసింది. ఏ దారిలో కోలుకున్నా, కుడి కాడేట్‌లో అతిచురుకుదనం తగ్గింది. పుట్టుకతో వచ్చిన మొగ్గును కూడా సాధనతో సరిచేయవచ్చనడానికి ఇంతకన్నా ధైర్యమిచ్చే రుజువు ఏముంటుంది?

ఆ సాధన పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్‌పీ. దీనికి దారి వేసింది లండన్‌లోని మిడిల్‌సెక్స్ హాస్పిటల్‌లో పనిచేసిన విక్టర్ మేయర్. అదేపనిగా కడుక్కునే ఒక రోగి గదిలో కుళాయిలు కట్టేయించి, నర్సులను తోడుంచి, కడుక్కోకుండా ఉండటం అలవాటు చేయించారు. ఆ ఫలితాలను 1966లో ప్రచురించారు.

ఇప్పుడు బలవంతం ఉండదు. మురికి భయం ఉన్న అమ్మాయినే తీసుకుందాం. ఆమె, థెరపిస్టు కలిసి భయాలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా రాసుకుంటారు. మొదటి మెట్టు తలుపు గడియ. దాన్ని అరచేత్తో పట్టుకుంటుంది. ‘నూటికి ఎంత భయం?’ అంటే ‘డెబ్బై’ అంటుంది. చేతులు కడుక్కోదు, చున్నీకి తుడుచుకోదు, శానిటైజర్ జోలికి పోదు. పది నిమిషాలకు మళ్లీ అడిగితే ఇంకా డెబ్బయ్యే. అరగంట దాటాక యాభై, కాసేపటికి ముప్పై. రేపు మళ్లీ అదే గడియ. అది అలవాటయ్యాక బస్సులో కమ్మీ, ఆ తర్వాత చెప్పుల అడుగు. కడగకపోయినా ఏమీ కాలేదని మెదడు స్వయంగా చూసి నేర్చుకుంటుంది.

2005లో అమెరికాలో 122 మంది పెద్దవాళ్ల మీద జరిగిన ట్రయల్‌లో ఈఆర్‌పీతో 62 శాతం, క్లోమిప్రమిన్ అనే పాత మందుతో 42 శాతం, రెండూ కలిపితే 70 శాతం మంది మెరుగయ్యారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 8 శాతమే. 112 మంది పిల్లల మీద 2004లో వచ్చిన అధ్యయనంలోనూ థెరపీ, మందు కలిపి తీసుకున్నవాళ్లే ఎక్కువగా కోలుకున్నారు.

మందుల్లో మొదట ఇచ్చేవి సెరొటోనిన్ మీద పనిచేసే సెర్ట్రలిన్, ఫ్లూయాక్సెటిన్, ఫ్లూవాక్సమిన్ వంటివి. డిప్రెషన్‌లో కన్నా ఓసీడీలో వీటి మోతాదు తరచూ ఎక్కువే ఉంటుంది. పూర్తి ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. చాలామంది మూడో వారానికే ‘పనిచేయట్లేదు’ అని మానేసి నష్టపోతున్నారు. తగ్గాక కూడా కనీసం ఏడాది రెండేళ్లు వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. వీటికి లొంగకపోతే క్లోమిప్రమిన్ ఉంది, మరో మందు జోడించే పద్ధతీ ఉంది. అయస్కాంత తరంగాలతో చేసే టీఎంఎస్‌కు అమెరికా ఎఫ్‌డీఏ 2018లో అనుమతి ఇచ్చింది. ఏ చికిత్సకూ లొంగని కొద్దిమందికి మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే డీబీఎస్‌ను 2009లోనే పరిమితంగా అనుమతించింది.

ఇంట్లోవాళ్ల వంతు

‘గ్యాస్ కట్టేశావులేమ్మా, నేను చూశాను’ అని అమ్మాయికి పదోసారి చెప్పే తండ్రి ప్రేమతోనే చెబుతాడు. భార్య భయం చూడలేక గుమ్మంలోనే బట్టలు మార్చుకునే భర్తదీ ప్రేమే. కానీ ఆ భరోసా పది నిమిషాలే నిలుస్తుంది, జబ్బు మాత్రం బలపడుతుంది. అందుకే మంచి థెరపిస్టులు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాట్లాడతారు. ‘నీకు భయంగా ఉందని తెలుసమ్మా. ఈసారి మాత్రం నేను జవాబు చెప్పను, డాక్టరు గారి దగ్గర అనుకున్నాం కదా’ అని మెత్తగా, స్థిరంగా చెప్పడం నేర్పుతారు. ఒక్కసారిగా కాకుండా, రోగితో ముందే మాట్లాడుకుని ఒక్కొక్కటిగా మానుకోవాలి. ఇంట్లో ఒకరికి ఓసీడీ ఉంటే పిల్లల్లో ఇలాంటి అలవాట్లను తొందరగా గుర్తుపట్టవచ్చు. వంశంలో ఉందన్న సంగతి దాచకుండా డాక్టరుకు చెబితే ఒరిగే మేలు ఇదే.

ఎవరిని అడగాలి?

• టెలి మానస్ ఉచిత హెల్ప్‌లైన్: 14416. ఏ వేళప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు.

• హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. నిమ్‌హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్ ఉంది.

• థెరపిస్టును ఎంచుకునేటప్పుడు ‘ఈఆర్‌పీ చేస్తారా?’ అని సూటిగా అడగండి. ఉత్త కౌన్సెలింగ్‌తో ఓసీడీ తగ్గదు.

• శారీరక జబ్బులకిచ్చినట్టే మానసిక జబ్బులకూ ఆరోగ్య బీమా వర్తింపజేయాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. పాలసీ కాగితాలు ఓసారి తీసి చూసుకోండి.