అమెరికా ఫుట్‌బాల్‌లో ఆటగాండ్ర ఎన్నిక

పూవు పుట్టగనే పరిమళించునని మన పెద్దల మాట. అయినను ఇరువదిరెండేండ్ల యువకుని చూచి, ఇతడు రేపు మేటి ఆటగాడగునని నిశ్చయముగా చెప్పగలమా? అమెరికాలో ఏటేట ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ఎందరో నిపుణులు శ్రమించుచున్నారు. వారి జోస్యము తరచు తప్పుచునే యున్నది. కారణమేమో పరిశీలింతము.

అమెరికనులు ఫుట్‌బాల్ అని పిలుచునది మనమెరిగిన ఆట కాదు. కోలగానుండు బంతిని చేతబట్టి పరుగిడుట, విసరుట, ఎదిరిని పట్టి పడద్రోయుట అందు ముఖ్యము. కళాశాల జట్లలో పేరు తెచ్చుకొన్న యువకులను జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లోని 32 జట్లు వంతులవారీగా ఎన్నుకొనును. గత సంవత్సరము అందరికంటె వెనుకబడిన జట్టుది మొదటి వంతు. ధనిక జట్లే మంచివారినందరిని తీసికొనిపోకుండుటకై, ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ 1935లో ఈ పద్ధతిని సూచించెను. మొదటి ఎన్నిక 1936లో జరిగినది.

ఇప్పుడు ఏడు విడతలలో సుమారు 250 మంది ఎన్నికగుచున్నారు. అర్హులైన కళాశాల ఆటగాండ్రలో నూటికి ఇద్దరికైనను ఈ అవకాశము దక్కదు. 2011 నాటి ఒడంబడిక ననుసరించి, ఎన్నికలో లభించిన స్థానమును బట్టియే తొలి నాలుగేండ్ల జీతము చాలవరకు నిర్ణయమగును. కావున పరిశీలకుని తీర్పులో ఒక యువకుని బ్రతుకుతెరువు ఇమిడియున్నది.

ఎన్నికకు ముందు ఇండియానాపొలిస్ నగరమున మూడు వందల మందికి పైగా యువకులను పరీక్షింతురు. 1987 నుండి ఆ నగరమే దీనికి నెలవు. వైద్యులు పాత గాయములను తడవి చూతురు. 40 గజముల పరుగును సెకనులో నూరవ వంతు వరకు లెక్కింతురు. వెల్లకిల పరుండి 225 పౌన్ల బరువును ఎన్నిమారులు ఎత్తగలడో, ఎంత ఎత్తు, ఎంత దూరము దుమకగలడో వ్రాసికొందురు.

ఈ కొలతలు నిరుపయోగములని చెప్పరాదు. కాని జట్టును నడపు క్వార్టర్‌బాక్ పనిని తలచికొందము. బంతి చేతికి వచ్చిన రెండు మూడు సెకనులలో, మీదికి దూకు ప్రత్యర్థులను గమనించుచునే, ఎవరికి విసరవలెనో అతడు తేల్చుకొనవలెను. ఆ నిబ్బరమును ఏ గడియారము కొలువగలదు? 2000లో మిషిగన్ విశ్వవిద్యాలయమునుండి వచ్చిన టామ్ బ్రేడీ 40 గజములు పరుగిడుటకు 5.28 సెకనులు పట్టినది. అతనిని ఆరవ విడతలో, 199వ వానిగా ఎన్నుకొనిరి. అతడే తరువాత ఏడు సూపర్‌బౌల్ విజయములు సాధించెను.

దీనికి విరుద్ధమైన ఉదాహరణము 1998 నాటిది. పేటన్ మానింగ్, ర్యాన్ లీఫ్ అను ఇరువురిలో ఎవరు మిన్నయని అప్పుడు పెద్ద చర్చ జరిగినది. మొదటి స్థానము మానింగ్‌కు, రెండవది లీఫ్‌కు లభించినవి. మానింగ్ రెండు సూపర్‌బౌల్‌లు గెలిచెను. లీఫ్ 2001 తరువాత ఆ లీగ్‌లో ఆడనే లేదు.

ఇంతటి వ్యత్యాసము ముందుగా కనబడకపోవుటకు కారణములు లేకపోలేదు. కళాశాల ఆటలో ఎదిరి జట్లన్నియు సమబలము గలవి కావు. బలహీనులపై చూపిన ప్రతాపము మేటి వారి యెదుట నిలువకపోవచ్చును. చేరిన జట్టులోని శిక్షకుడు, తోడి ఆటగాండ్రు, తగిలిన గాయములు గూడ భవిష్యత్తును మార్చుచుండును.

అన్నిటికంటె పెద్ద లోపము పరిశీలకుల అతివిశ్వాసము. అర్థశాస్త్రమున 2017లో నోబెల్ బహుమానము నందిన రిచర్డ్ థేలర్, కేడ్ మాసీతో కలిసి ఈ ఎన్నికలను శోధించెను. ఒకే స్థానమున ఆడు ఇద్దరిలో ముందు ఎన్నికైనవాడు, అతని వెనువెంటనే ఎన్నికైనవానికంటె మెరుగుగా రాణించు అవకాశము సగముకంటె కొంచెమే యెక్కువయని వారు కనుగొనిరి. కావున ఒక్కని కొరకు పెక్కు వంతులను ధారపోయుటకంటె, ముందు వంతు నొకదానిని ఇచ్చి తరువాతి వంతులు కొన్ని పుచ్చుకొనుటయే లాభకరమని వారి నిర్ణయము.

కొలతలు వలదని మన భావము కాదు. కొలువగలిగినదానిని శ్రద్ధగా కొలిచి, మిగిలినది ఊహయేయని ఒప్పుకొనవలెను. అట్లొప్పుకొనిన జట్టు 199వ వానికి గూడ మైదానమున చోటిచ్చి, ఎదుగుటకు గడువిచ్చి చూచును.