విదూషకస్థానము – పద్మనాభముగారి నటజీవితము

విదూషక శబ్దము ‘వి’ ఉపసర్గపూర్వకమైన దుష ధాతువునకు ణిచ్చును, ఆపై ణ్వుల్ ప్రత్యయమును చేరుటచే సిద్ధించినది. ధాత్వర్థమును మాత్రమే గ్రహించినచో చెరుపువాడని యర్థము. సంస్కృత నాటకములందు మాత్రము వీడు నాయకునకు సఖుడు, కార్యసహాయుడు. ఈ భేదమును గుర్తింపక హాస్యనటుని సాహిత్యచర్చకు దూరముగా నుంచుట పండితులకు పరిపాటియైనది. రాయలసీమ హాస్యనటుడొకని చరిత్ర యీ పరిపాటిని పునర్విమర్శింప జేయుచున్నది.

బసవరాజు వేంకట పద్మనాభరావుగారు 1931 ఆగస్టు 20న కడప మండలమందలి సింహాద్రిపురమున జన్మించిరి. మా వజ్రకరూరువలె నదియు వానకై యెదురుచూచు మెట్టసీమయే. బాల్యముననే పద్యములు, పాటలు పాడుట యభ్యసించి, మదరాసు చేరి, 1945 నాటి ‘మాయలోకము’తో చిత్రరంగమున ప్రవేశించిరి. 1951లో వెలువడిన ‘పాతాళభైరవి’యందు మాంత్రికుని శిష్యుడగు సదాజపుని పాత్ర ధరించిరి.

తాను నవ్వుట ఆత్మస్థహాస్యమనియు, ఇతరుని నవ్వించుట పరస్థమనియు భరతముని విభజించెను. భయానకమునకు నెలవైన మాంత్రికుని చెంతనే యిట్టి శిష్యు డుండుటచే ప్రేక్షకునకు ఊరట కలుగుచున్నది. ఇది పరస్థహాస్య ప్రయోజనము.

పిదప వారు నిర్మాతలై 1965లో ‘దేవత’ను నిర్మించిరి. ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’ చిత్రమునకై 1966 డిసెంబరు 15న, కోదండపాణిగారి సంగీతమున, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారిచే తొలి చలనచిత్రగీతమును పాడించిరి. 1970లో ‘కథానాయిక మొల్ల’కు దర్శకత్వము వహించిరి. వాణిశ్రీగారు మొల్లగా నటించిన యా చిత్రమునకు నంది బంగారు పురస్కారము లభించినది. మన గోష్ఠులలో మాత్రమే విమర్శింపబడుచుండిన రామాయణకవయిత్రిని సామాన్య ప్రేక్షకుని యెదుట నిలిపినవాడు హాస్యనటుడే.

హాస్యనటుడే సమాజనిర్వాహకు డగుట పాశ్చాత్యదేశములందును కలదు. 1791లో వియన్నా నగరమున మొట్సార్టు సంగీతము కూర్చిన ‘మాయావేణువు’ అను రూపకమునకు సాహిత్యము రచించి, అందు పక్షులను పట్టు పాపగేనో యను హాస్యపాత్రను తానే పాడి యభినయించినవాడు జర్మనుడగు షికనేడరు. ఆ నాటకసమాజమునకు అధిపతియు నతడే. సంగీతచరిత్రకారులు మొట్సార్టుతోపాటు అతనిని స్మరింతురు.

పద్మనాభముగారు 2010 ఫిబ్రవరి 20న దివంగతులైరి. విదూషకునియందు దూషణము పరిహాసరూపము. దానివలన కావ్యమునకు చెరుపు లేదు, పుష్టియే కలదు. కావున ఆంధ్ర దృశ్యకావ్యచరిత్రము రచించువారు నాయకపాత్రధారులతో పాటు హాస్యనటులకును ప్రత్యేక ప్రకరణము నొసగుట న్యాయము.