కేబులా, డిష్షా, ఫైబరా? ప్యాక్ రేటు కంటే ముందు చూడాల్సింది ఇదీ!

ఇంట్లో ఫోన్ల గురించి కాస్త తెలిసినోళ్లు ఒకరుంటే చాలు, టీవీ కనెక్షన్ సంగతి కూడా వాళ్ల నెత్తినే పడుతుంది. మాది కడప జిల్లా పెండ్లిమర్రి మండలం. ఇటు పులివెందుల, అటు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు ఉన్న చుట్టాలు, ఫ్రెండ్స్ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఏ ఫోన్ కొనాలని కాదు. "కేబుల్ ఉంచుకోవాలా, డిష్ పెట్టించుకోవాలా?" అని.

అడిగేవాళ్లందరూ ముందు చూసేది ప్యాక్ రేటే. నేను మాత్రం అది ఆఖర్న చూడమంటాను. ఎందుకో ఈ ఆర్టికల్‌లో వివరంగా చూద్దాం.

చానల్ రేటు అందరికీ ఒకటే

2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త టారిఫ్ విధానం అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి పే చానల్ ధరను ఆ చానల్ వాళ్లే ఎమ్మార్పీగా ప్రకటిస్తారు. కేబుల్ ఆపరేటర్ గానీ, డీటీహెచ్ కంపెనీ గానీ దానికంటే ఎక్కువ తీసుకోకూడదు. అంటే మీ అమ్మ చూసే సీరియల్ చానల్‌కి రెండు చోట్లా గరిష్ఠ ధర ఒకటే.

మరి తేడా ఎక్కడొస్తుంది? ఎన్‌సీఎఫ్ దగ్గర. అంటే నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, మన మాటల్లో చెప్పాలంటే లైను బాడుగ. మొదట్లో 100 చానళ్లకు గరిష్ఠంగా 130 రూపాయలు పెట్టారు. 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. 2020లో అదే 130 రూపాయలకు 200 చానళ్లు ఇవ్వాలన్నారు. 2024 జులైలో ట్రాయ్ ఈ పరిమితిని తీసేసింది. ఇప్పుడు ఎన్‌సీఎఫ్ ఎంతన్నది ఆ కంపెనీ ఇష్టం. అందుకే ఎవరినైనా "మీ ప్యాక్ ఎంత?" అని అడిగి ఊరుకోకండి. "ఎన్‌సీఎఫ్ ఎంత, జీఎస్టీ కలిపి ఎంత, రెండో టీవీకి ఎంత, బాక్స్‌కి ఎంత?" అని నాలుగూ అడగండి. వచ్చిన మొత్తాన్ని 12తో గుణించి ఏడాది ఖర్చు చూడండి. నెలకు 20 రూపాయలు తక్కువని తీసుకున్న కనెక్షన్, రెండో టీవీ కలిపేసరికి ఎక్కువ కావచ్చు.

ఇంకో విషయం. ఒక కంపెనీ సెట్‌టాప్ బాక్స్ ఇంకో కంపెనీకి పనిచేయదు. సిగ్నల్‌కి వేసిన తాళం ఒక్కో కంపెనీది ఒక్కో రకం. మారాలంటే మళ్లీ బాక్స్ ఖర్చు తప్పదు. అందుకే మొదటిసారే ఆలోచించి తీసుకోవాలి.

అసలు తేడా ఆఖరి వంద మీటర్లలో

ముంబైలోనో హైదరాబాద్‌లోనో బయల్దేరిన చానల్ మీ వీధి దాకా బాగానే వస్తుంది. వీధి నుంచి మీ టీవీ దాకా ఎలా వస్తోందన్నదే మీ రోజువారీ అనుభవాన్ని నిర్ణయిస్తుంది.

కేబుల్‌లో ఏం జరుగుతుందంటే, పెద్ద ఆపరేటర్ హెడ్‌ఎండ్‌లో చానళ్లన్నీ పట్టుకుని ఫైబర్ ద్వారా ఊరికి పంపుతాడు. ఊళ్లో ఒక నోడ్ ఉంటుంది. అక్కడి నుంచి యాంప్లిఫయర్లు దాటి, స్తంభాల మీదుగా నల్లటి కోయాక్సియల్ వైరు మీ ఇంటికొస్తుంది. ఈ నోడ్‌కీ, యాంప్లిఫయర్లకీ కరెంటు కావాలి. వాటికి బ్యాకప్ లేకపోతే, అక్కడ కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా టీవీలో బొమ్మ రాదు. మా వీధిలో గడ్డి లోడు ట్రాక్టర్ తగిలి వైరు తెగితే రెండు రోజులు అందరి టీవీలూ బంద్. కోతులు ఉన్న ఊళ్లలో సంగతి చెప్పక్కర్లేదు.

ప్లస్ పాయింట్ కూడా అక్కడే ఉంది. లైన్ చూసే మనిషి పక్క వీధిలోనే ఉంటాడు. "అన్నా, టీవీ రావడంలేదు" అని ఫోన్ చేస్తే బండేసుకుని వస్తాడు. మా అవ్వ లాంటి వాళ్లకు కస్టమర్ కేర్‌లో ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటే ఏం అర్థమవుతుంది? నెల డబ్బులు చేతికిచ్చేస్తే పని అయిపోతుంది. లోకల్ చానల్, ఊరి జాతర వీడియోలు కూడా కేబుల్‌లోనే వస్తాయి.

డిష్‌లో మధ్యలో వీధే లేదు. భూమికి సుమారు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం నుంచి సిగ్నల్ నేరుగా మీ మిద్దె మీద గొడుగుకి వస్తుంది. ఊరంతా కరెంటు పోయినా మీ ఇన్వర్టర్ ఉంటే చాలు. 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ, బాక్స్ కలిపి సుమారు 60 వాట్లు, పెద్ద భారం కాదు. తోటలో కాపురం ఉన్నా, ఊరికి దూరంగా కొత్త ఇల్లు కట్టుకున్నా డిష్ పనిచేస్తుంది. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు అక్కడి నుంచే ఫోన్‌లో రీచార్జ్ చేసేయొచ్చు.

వానొస్తే డిష్ పోతుందా?

పోతుంది, కానీ అనుకున్నంత కాదు. డీటీహెచ్ వాడేది కేయూ బ్యాండ్, సుమారు 12 గిగాహెర్ట్జ్. ఆ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లే కాబట్టి పెద్ద వాన చినుకులు దాన్ని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. కేబుల్ హెడ్‌ఎండ్‌లో పెద్ద డిష్‌లు పట్టుకునేది ఎక్కువగా సీ బ్యాండ్. దాని మీద వాన ప్రభావం తక్కువ. అందుకే జోరు వానలో డిష్ ఉన్న ఇంట్లో బొమ్మ గడులు గడులుగా ఆగిపోతే, పక్కింట్లో కేబుల్ మాత్రం ఆడుతూ ఉంటుంది.

కానీ మనది కడప జిల్లా ఫ్రెండ్స్! ఏడాదికి సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వానే. మబ్బు పట్టినంత మాత్రాన సిగ్నల్ పోదు, కుండపోతగా కురిసే కాసేపే ఇబ్బంది. చిన్న చినుకులకే పోతోందంటే తప్పు వానది కాదు. గొడుగు కదిలి ఉంటుంది, లేదా ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టర్‌లోకి నీళ్లు దిగి ఉంటాయి.

డిష్ బుక్ చేసే ముందు మీ ఫోన్‌తో ఈ టెస్ట్ చేయండి

మన సైట్ చదివేవాళ్లకు బాగా నచ్చే భాగం ఇది. ఒక్కో కంపెనీ ఉపగ్రహం ఆకాశంలో ఒక్కో చోట ఉంటుంది. టాటా ప్లే 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, డీడీ ఫ్రీ డిష్ 93.5 దగ్గర, ఎయిర్‌టెల్ 108.2 దగ్గర. పెండ్లిమర్రి నుంచి చూస్తే ఇవి ఎక్కడ కనిపిస్తాయో లెక్కేశాను:

- 83 డిగ్రీలది: కంపాస్‌లో సుమారు 163, ఎత్తు 72 డిగ్రీలు. దాదాపు నడినెత్తికి దగ్గర, కొంచెం దక్షిణంగా.
- 93.5 డిగ్రీలది: కంపాస్‌లో సుమారు 133, ఎత్తు 66 డిగ్రీలు. ఆగ్నేయం.
- 108.2 డిగ్రీలది: కంపాస్‌లో సుమారు 114, ఎత్తు 52 డిగ్రీలు. తూర్పుకి కాస్త దక్షిణంగా.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో కూడా ఇంచుమించు ఇవే. మిద్దె ఎక్కి, ఇనుప కడ్డీలకు, రేకులకు దూరంగా నిలబడి ఫోన్‌లో కంపాస్ యాప్ తెరవండి. ఆ దిక్కుకి తిరిగి, ఆ ఎత్తులో వేప చెట్టు గానీ, పక్కింటి వాటర్ ట్యాంక్ గానీ అడ్డం ఉందేమో చూడండి. తూర్పున పెద్ద చెట్టుంటే 108 దానికి కష్టం, 83 దానికి ఇబ్బంది ఉండకపోవచ్చు. చెట్టు పెరుగుతుందని కూడా గుర్తుపెట్టుకోండి. గొడుగు కొంచెం నిటారుగా కనిపించిందని కంగారు పడొద్దు. ఎల్‌ఎన్‌బీ పక్కకు ఉండే ఆఫ్‌సెట్ డిష్ కాబట్టి అది అలాగే ఉంటుంది.

ఫైబర్ సంగతేంటి?

మన రాష్ట్రంలో మూడో దారి కూడా ఉంది. ఏపీ ఫైబర్‌నెట్‌ని 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, టీవీ, ఇంటర్నెట్, ఫోన్ మూడూ కలిపి మొదట్లో 149 రూపాయలకు పన్నులు అదనంగా ఇచ్చారు. తర్వాత ప్యాకేజీలు మారాయి, కాబట్టి ఇవ్వాళ్టి రేటు అడిగి తెలుసుకోండి.

టెక్నికల్‌గా దీనిలో ఒక లాభం ఉంది. ఇది జీపాన్ పద్ధతి. వీధిలో ఉండే స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు. అటు చివర పరికరానికి, ఇటు మీ ఇంట్లో బాక్స్‌లకు కరెంటు ఉంటే చాలు. వైరు తెగడం అన్నది మాత్రం ఇక్కడా ఉంటుంది. తెగిన కోయాక్స్‌ని మెలిపెట్టి తాత్కాలికంగా అతికించినట్టు ఫైబర్‌ని అతికించలేం, స్ప్లైసింగ్ మెషీన్ కావాలి. ఇంటికి తెచ్చేది కూడా లోకల్ ఆపరేటరే. అంటే మళ్లీ ఆ మనిషి ఎలాంటివాడన్నదే ప్రశ్న.

"ఇవన్నీ ఎందుకు బ్రో, ఓటీటీ చాలు కదా" అంటారా? మీకు చాలు. ఇంట్లో పెద్దవాళ్లకు రిమోట్‌లో చానల్ నంబర్ నొక్కితే బొమ్మ రావాలి. పాస్‌వర్డ్‌లు, అప్‌డేట్‌లు వాళ్ల వల్ల కాదు. మీరు హాస్టల్‌కి వెళ్లిపోయాక ఆ టీవీతో ఉండేది వాళ్లే.

నా తీర్పు

- ఊరి మధ్యలో ఇల్లు, పిలిస్తే పలికే ఆపరేటర్, రెండు మూడు టీవీలు: కేబుల్ ఉంచుకోండి.
- తోట ఇల్లు, తరచూ వైర్లు తెగే వీధి, లేదా ఊళ్లు మారే ఉద్యోగం: డిష్.
- వైఫై ఎలాగూ కావాలి, ఆపరేటర్ దగ్గర స్ప్లైసింగ్ మెషీన్ ఉంది: ఫైబర్.
- నెలనెలా కట్టే స్తోమత లేదు, వార్తలు, దూరదర్శన్ చాలు: డీడీ ఫ్రీ డిష్. బాక్స్, గొడుగు ఒకసారి కొంటే చాలు, నెలవారీ రుసుము లేదు. దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి వస్తాయి. జెమినీ లాంటి పే చానళ్లు మాత్రం రావు. ఇంట్లో సీరియల్ చూసేవాళ్లుంటే ముందే చెప్పండి.

కనెక్షన్ తీసుకునే ముందు మీ వీధిలో ఒక నాలుగిళ్లు తిరగండి. "ఎంత కడుతున్నారు?" అని కాదు, "పోయినసారి టీవీ ఆగిపోయినప్పుడు ఎన్ని రోజులకు బాగుచేశారు?" అని అడగండి. ఆ జవాబు ఏ బ్రోచర్‌లోనూ దొరకదు.